ఒక గుట్ట, రెండు బోర్డులు, మూలం కావాలి

రెండు రాజ్యాల మధ్య రగులుతున్న మహాయుద్ధాన్ని ఆపడానికి కృష్ణానది దాటి ఒంటరిగా వెళ్లిన ఒక వీరుడి గాథ ఇది. చదువుతుంటే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. చివర్లో కళ్లు చెమ్మగిల్లవచ్చు.

నిజానికి అంత లేదు. నది దాటింది ఎర్రబస్సులో. రాజ్యాలంటే రెండు ఊళ్లు. యుద్ధం ఒకే ఒక్క వాక్యం గురించి. వీరుడికి కిటికీ పక్కన సీటు దొరక్కపోతే కడుపులో తిప్పుతుంది. ఒంటరిగా అన్నది కూడా సగం దూరం వరకే నిజం.

మాది ఏలూరు, ఉద్యోగం హైదరాబాదులో. పగలు కంపెనీలో ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతుకుతాను. సాయంత్రం తెలుగులో నడిచే ఒక ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో ఇతరులు రాసిన వ్యాసాల్లో తప్పులు వెతుకుతాను. మొదటిదానికి జీతమిస్తారు, రెండోదానికి తిట్లు. అందులో ఎవరైనా రాయవచ్చు, ఒకరు రాసింది ఇంకొకరు మార్చవచ్చు. మాకున్న మతం ఒకటే: రాసిన ప్రతి ముక్కకీ అచ్చులో ఉన్న ఆధారం చూపించాలి. చూపించలేకపోతే ఆ వాక్యం చివర బ్రాకెట్లో "మూలం కావాలి" అని తగిలిస్తాం. మా పెళ్లి శుభలేఖలు కూడా మేము ఆ కంటితోనే చదువుతాం.

రాసేవాళ్లమంతా కలిపి రెండు ఆటోలు నిండం. అందులో పాలమూరు ఊళ్ల పేజీలు దాదాపు ఇద్దరి చేతి రాత. ఒకరి సభ్యనామం "వనపర్తి శేఖర్". ఇంకొకరిది "నడిగడ్డ పులి". కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నేలను అక్కడ నడిగడ్డ అంటారు, పులి ఎందుకో నాకు తెలియదు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడలేదు. చెరో పార్టీ అభిమానులు. అయినా రాజకీయ వ్యాసాల్లో వాళ్లకు ఎప్పుడూ పేచీ రాలేదు, ఎందుకంటే ఒక పద్ధతి పెట్టుకున్నారు. శేఖర్ పార్టీ గురించి పులి రాయాలి, పులి పార్టీ గురించి శేఖర్ రాయాలి. ఎవరి పార్టీని వాళ్లు ముట్టుకోకూడదు. ఎన్నికల్లో ఊళ్లు తగలబడుతున్నా వీళ్ల పేజీలు చన్నీళ్లలా ఉండేవి.

పేచీ అమ్మవారి దగ్గర వచ్చింది. గద్వాల దాటి ధరూర్ వైపు వెళ్తే ఒక గుట్ట, గుట్ట మీద ఎల్లమ్మ గుడి, గుట్టకు చెరో వైపు ఒక ఊరు. పేర్లు రాయను. రాస్తే ఎవరి పేరు ముందు రాశానన్నది ఇంకో చర్చ అవుతుంది. పై ఊరు, కింది ఊరు అందాం. జాతరలో అమ్మవారికి నెత్తిన మోసుకెళ్లే నైవేద్యపు కుండల్లో మొదటిది, అంటే మొదటి బోనం, పై ఊరిదని శేఖర్ రాశాడు. కింది ఊరిదని పులి మార్చాడు. ఈయన మళ్లీ తిప్పాడు, ఆయన మళ్లీ మార్చాడు. నెల గడిచాక, వ్యాసం వెనక వాదులాడుకోవడానికి ఉండే చర్చాపేజీలో ఇద్దరూ ఒకే మాట రాశారు: అవతలి వాక్యం ఉంటే నేను ఉండను.

అప్పుడే నన్ను నిర్వాహకుణ్ణి చేశారు. పేజీకి తాళం వేసే అధికారం, ఏ వాక్యం ఉంచాలో చెప్పాల్సిన ఖర్మ నావి. ఏది ఉంచినా సగం జిల్లా లేచిపోతుంది. ఆధారం అడిగితే ఇద్దరూ గుడి దగ్గరి బోర్డు ఫొటో పంపారు. ఒక ఫొటోలో బోర్డు పై ఊరు అంటోంది. ఇంకో ఫొటోలో బోర్డు కింది ఊరు అంటోంది. గుట్ట ఒకటే, గుడి ఒకటే. ఒక ఫొటోలో చివరి పంక్తికి మేక అడ్డం, రెండోదాంట్లో ఎవరిదో భుజం అడ్డం. నాకేమీ అర్థం కాలేదు. శని ఆదివారాలకు ఒక సోమవారం పండగ కలిసొస్తే బయలుదేరాను.

నాగర్‌కర్నూల్: గ్రంథాలయం మూసే వేళ

జిల్లా గుళ్ల మీద పాత పుస్తకమొకటి నాగర్‌కర్నూల్ గ్రంథాలయంలో ఉందని ఎవరో చెప్పారు. పన్నెండింటికి చేరాను. గ్రంథాలయం పొద్దున ఉంటుంది, సాయంత్రం ఉంటుంది. మనకు పని పడే వేళ ఉండదు. ఈ ఒక్క విషయంలో ఏలూరుకీ పాలమూరుకీ తేడా లేదు.

ఎదురుగా హోటల్లో కూర్చున్నాను. చాయ్ మూడు రూపాయలు. మా వైపు గ్లాసు నిండుగా ఇస్తారు, ఇక్కడ సగం గ్లాసు, కానీ పంచదార మాత్రం నిండు గ్లాసుకు సరిపడా. హోటలాయన ఏం పని మీద వచ్చానని అడిగాడు. గుడి గురించి కంప్యూటర్లో రాయడానికన్నాను. జీతమెంత అన్నాడు. లేదన్నాను. గుడి వాళ్లు ఏమన్నా ఇస్తారా అన్నాడు. వాళ్లకు నేనెవరో తెలియదన్నాను. కాసేపు నన్నే చూశాడు.

"మీ ఇంట్ల తెల్సా సార్?"

తెలియదని చెప్పాను. రెండో చాయ్‌కి డబ్బులు తీసుకోలేదు. మా సేవకు సమాజం నుంచి ఇప్పటిదాకా వచ్చిన గుర్తింపు అదే.

సాయంత్రం తలుపులు తెరిచారు. గ్రంథాలయం ఆయన పుస్తకం పేరు వినగానే నిట్టూర్చాడు. అది ఏడాది కిందట వనపర్తి సారు పట్టుకుపోయాడట, శేఖర్ సారు, రేపు తెస్త ఎల్లుండి తెస్త అంటూనే ఉన్నాడట. మీరు పోతే జర యాది చేయండి అన్నాడు. నేను వెతుకుతున్న ఆధారం నేను తీర్పు చెప్పాల్సిన మనిషి ఇంట్లోనే ఉంది. ఇది మంచి సంగతో చెడ్డ సంగతో తేలక రాత్రంతా లాడ్జి ఫ్యాను కేసి చూశాను. అదీ తేల్చుకోలేక ఆగుతూ తిరుగుతూ ఉంది.

వనపర్తి: పుంటికూర

శేఖర్ జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాడు. చర్చల్లో ఆయన భాష చూసి కోరమీసం ఊహించుకున్నాను. బస్టాండుకు వచ్చింది గాలికి వంగే మనిషి. నా సంచి తనే లాక్కుని బండికి తగిలించుకున్నాడు. ఇంటికి తీసుకెళ్లి జొన్నరొట్టె, పుంటికూర పెట్టించాడు. అది మా గోంగూరే. అనబోయి ఆగాను. యుద్ధం ఆపడానికి వచ్చినవాడు ఇంకోటి మొదలుపెట్టకూడదు. మా ఇంట్లో రొట్టె అంటే ఒంట్లో బాగాలేనివాళ్లకు పెట్టేది. ఇక్కడ రెండు తిని చాలన్నందుకు నా ఆరోగ్యం గురించి వాకబు చేశారు.

పుస్తకం పాత వార్తాపత్రికలో చుట్టి ఉంది. ఆయన భక్తిగా విప్పాడు. పెద్ద గుళ్లకు పేజీలకు పేజీలు. మన గుట్ట గురించి రెండు వాక్యాలు: "దాపున గల గుట్టపై ఎల్లమ్మ గుడి కలదు. ఇదియు చూడదగినది." అంతే. బోనం లేదు, ఊరు లేదు.

"దీనికోసం ఏడాది పాటు ఉంచుకున్నారా అండీ?"

"యాడనన్న ఇంకో ముక్క ఉంటదేమోనని చదువుకుంట ఉన్న సార్."

ఒక వాక్యం కోసం అన్నీ వదిలేసి పోవడం ఎందుకని అడిగాను. పుస్తకం నాకిచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆయన పుట్టింది పై ఊళ్లో. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. "చిన్నగున్నప్పుడు మా అమ్మ మొదటి బోనం ఎత్తుకున్నది సార్. నేను కొంగు పట్టుకొని నడిసిన. అమ్మది నాకు బాగ యాదికున్నది గదొక్కటే. గది అబద్ధమని రాస్తుండు ఆ పులి. ఎట్ల ఊకుంట?"

పుస్తకాన్ని ఆ వార్తాపత్రికలోనే మళ్లీ చుట్టి ఆయన చేతిలో పెట్టాను.

పుస్తకం తిరిగిచ్చేయమని గుర్తు చేశాను. రేపు ఇస్తనన్నాడు. గద్వాలకు తనూ వస్తానన్నాడు. పులి ఎట్లుంటడో ఒకసారి చూడాలట.

కృష్ణ మీద

పెబ్బేరు దాటాక వంతెన వచ్చింది. బస్సులో సగంమంది కిటికీల్లోంచి నదిలోకి రూపాయి బిళ్లలు విసిరారు. మా గోదావరికీ ఇదే మర్యాద, చేయి తిరిగినవాణ్ణే అనుకుని విసిరాను. బిళ్ల కిటికీ ఊచకు తగిలి ముందు సీటామె గంపలో వంకాయల మధ్య పడింది. తీసి ఇవ్వబోయింది. నదికి అన్నది ఆమెకు చేరింది కదా, వెనక్కి తీసుకోవచ్చో కూడదో తెలియలేదు. ఆమెకూ తెలియలేదు. ఎర్రవల్లి చౌరస్తాలో దిగేటప్పుడు నా చేతిలో ఒక వంకాయ పెట్టింది. గద్వాల దాకా దాన్ని ఏం చేయాలో తెలియక పట్టుకుని వెళ్లాను.

గద్వాల: పులి ఇంట్లో

పులి ఇచ్చిన చిరునామా ఒక ఇంటర్నెట్ సెంటరు. గంటకు పదిహేను రూపాయలు, మూడు కంప్యూటర్లు, వెనకే ఇల్లు, వెనక గదిలోంచి మగ్గం చప్పుడు. ముందు బల్ల దగ్గర ఇరవై దాటిన అమ్మాయి కూర్చుని ఎవరిదో హాల్‌టికెట్ తీసిస్తోంది. శేఖర్ గొంతు సవరించుకుని పులి గారు ఉన్నారా అని అడిగాడు.

"నేనే సార్," అంది ఆ అమ్మాయి. "పేరు రేణుక. మీరు శేఖర్ సారేనా?"

నెల రోజుల పాటు ఒకరినొకరు పక్షపాతి, వక్రబుద్ధి, చరిత్రద్రోహి అనుకున్న ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. ఇక రక్తపాతమే అనుకుని బల్ల మీది గాజు గ్లాసు పక్కకు జరిపాను. ఆయన కూర్చోమ్మా అన్నాడు. ఆమె మీరు కూర్చోండ్రి సార్ అంది. చాలాసేపు ఇద్దరూ నిలబడే ఉన్నారు.

మొదటి బోనం మాట నేనే ఎత్తాను. సారు పెద్దోరు, చెప్పనీయండ్రి అంది ఆమె. లేదు, చెల్లె మాటే ముందు అన్నాడు ఆయన. ఎంత కెలికినా ఇద్దరి నోటి నుంచి ఒక్క చెడ్డ మాట రాలేదు. చివరికి ఆమె మూడు కంప్యూటర్లూ పెట్టింది, ముగ్గురం కూర్చున్నాం. నిమిషం తిరగకుండా నా తెర మీద చర్చాపేజీ కదిలింది. "గౌరవనీయ సభ్యులు శేఖర్ గారు తమ ఊరి మోజులో నిజాన్ని పూడ్చిపెడుతున్నారు." వెంటనే జవాబు: "పులి గారి అజ్ఞానానికి జాలిపడుతున్నాను." రాస్తున్న ఇద్దరి మధ్య జానెడు దూరం. నడుమ మిర్చిబజ్జీల పళ్లెం.

"సార్, ఇంకోటి తీస్కోండ్రి," అని ఆమె పళ్లెం ఆయన వైపు జరిపింది. ఆయన థాంక్సమ్మా అని ఒకటి తీసుకుని, ఎడమ చేత్తో ఆమెను ఖండించాడు.

అంతలో కరెంటు పోయింది. దానితో శత్రుత్వమూ పోయింది. కింది ఊరు తన అమ్మ పుట్టిల్లని రేణుక అప్పుడు చెప్పింది. వాళ్లమ్మ చిన్నతనంలో మొదటి బోనం వెనకే నడిచానని ఎన్నోసార్లు చెప్పిందట. "అది మా ఊరిది కాదంటే మా అమ్మ అబద్ధాలాడిందనే గద అన్నా," అని నాతో అంది, ఆయన వైపు చూడకుండా. ఒక వైపు లేని అమ్మ, ఇంకో వైపు ఉన్న అమ్మ. మా నిబంధనల్లో ఏ అమ్మకూ విభాగం లేదు. నా తల ఇంకా గందరగోళమైంది.

గుట్ట

మధ్యాహ్నం షేర్ ఆటో ఎక్కాం. పదిమంది నిండాక కదులుతుందన్నారు. పదమూడో మనిషి నా ఒళ్లో కూర్చున్నాక కదిలింది.

గుట్ట చిన్నది, గుడి ఇంకా చిన్నది. పై ఊరి వైపు మెట్ల దగ్గర ఒక బోర్డు. కింది ఊరి వైపు మెట్ల దగ్గర ఒక బోర్డు. ఫొటోలు తీసినవాళ్లు తమ వైపు నుంచి ఎక్కి తమ వైపే దిగారు. అంతవరకు తేలింది. నిర్వాహకుడిగా నా మొదటి విజయం. శేఖర్ వైపు బోర్డు ముందు చదివాను. పసుపు మీద ఎర్ర అక్షరాలు, చక్కటి రాత:

"జాతరలో మొదటి బోనం పై ఊరి వారిది (మూలం కావాలి)."

గుట్ట చుట్టి రెండో వైపు పరుగెత్తాను. అదే పసుపు, అదే ఎరుపు: "జాతరలో మొదటి బోనం కింది ఊరి వారిది (మూలం కావాలి)." ఫొటోల్లో మేక, భుజం దాచింది ఆ బ్రాకెట్లనే. రెండు బోర్డుల కింద మూలలోనూ ఒకే పెయింటరు సంతకం, ఒకే సెల్ నంబరు.

శేఖర్ ఫోన్ చేశాడు, మేమిద్దరం చెవులు ఆనించాం. సర్పంచ్ ఎన్నికల ముందు ఒక ఊరి అభ్యర్థి నెట్‌లో తీసిన కాగితం తెచ్చి బోర్డు రాయమన్నాడట. వారం తిరగకుండా అవతలి ఊరి అభ్యర్థి ఇంకో కాగితం తెచ్చాడట.

"ఒకే గుడికి రెండు తీర్ల రాసినవ్ గదనయ్యా?" అన్నాడు శేఖర్.

"రెండు కాయితాలిచ్చిండ్రు సార్. ఉన్నది ఉన్నట్టు రాసిన."

"ఆ మూలం కావాలి అన్నదేంది మరి?"

"ఏమో సార్. అమ్మోరికి ఏందో కావాలె గావొచ్చు అనుకున్న."

ఫోన్ పెట్టేశాక ముగ్గురం మెట్ల మీద కూర్చున్నాం. వీళ్లు రాసింది చూసి బోర్డు రాశారు. ఆ బోర్డును చూపించి వీళ్లు రాసింది నిజమన్నారు. ఒక కాగితం మా దుకాణంలోనే తీసిండ్రేమో, నేను లేనప్పుడు తమ్ముడు కూచుంటడు అంది రేణుక మెల్లగా. ఇద్దరి ఆధారాలూ ఒకేసారి పోయాయి. ఇక తీర్పు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, వాళ్లు పట్టుబట్టడానికీ ఏమీ లేదు. పొద్దు వాలుతుంటే గాలి బాగుందని మాత్రం ముగ్గురం ఒప్పుకున్నాం.

ఆ గాలికి కూర్చుండిపోయి లేచేసరికి ఆరు దాటింది. రోడ్డు మీద ఆటో లేదు. ఉండదట. పత్తి తీసుకెళ్తున్న ట్రాక్టరు ఆపాం. పత్తి మీద ప్రయాణమంటే పట్టుపాన్పు అనుకున్నాను. గద్వాల చేరాక కూడా గోక్కుంటూనే ఉన్నాను.

మళ్లీ గద్వాల: అచ్చులో లేని మనిషి

రేణుక వాళ్లమ్మ గుమ్మంలోనే అందుకుంది. ఆడపిల్లను పొద్దుగూకే దాకా గుట్టలెంట తిప్పినందుకు శేఖర్‌ను ఏమీ అనలేక, నన్ను అసలే అనలేక, ఇద్దరి వంతూ కూతుర్ని అంది. కాళ్లు కడుక్కోమని చెంబు ఇచ్చింది. చుడుతున్న దారం కండెలు పక్కన పెట్టి, నేను తెచ్చిన వంకాయతో సహా కూర వండి, అన్నం పెట్టింది. తింటూ, వేరే మాట దొరక్క, మామూలుగా అడిగాను.

"అమ్మా, ఆ గుట్ట మీద మొదటి బోనం ఏ ఊరిదండీ?"

"ఎండిన ఊరిది బిడ్డ," అందామె, నా కంచంలో అన్నం వేస్తూ. "ఏ ఊరికి ఆ ఏడు వానలు పడకపోతే గా ఊరోళ్లు ముందర నడుస్తరు. పండిన ఊరు ఆ కుండలకు బియ్యం పోస్తది. అడిగేటోళ్లు ముందట, పెట్టేటోళ్లు ఎనక. మాకెన్నడు వానలు పడ్డయి? మేమే ఎక్కువ నడిస్తిమి."

రేణుక చేయి కంచంలోనే ఆగిపోయింది. "నాకెన్నడు చెప్పలె?"

"నువ్వెన్నడు అడిగినవే? పొద్దుందాక గా డబ్బాల మొకం పెట్టుకొని కూసుంటవ్."

నెల రోజులు కొట్టుకున్నారు, పుస్తకాలు వెతికారు, బోర్డులు ఫొటో తీయించారు, వెనక గదిలో ఉన్న మనిషిని అడగలేదెందుకని రేణుకను అడిగాను.

"అమ్మ అచ్చులో లేదు గదన్నా," అంది.

దానికి నేను నవ్వి ఉండాల్సింది. కానీ ఆ నిబంధన ఆ అమ్మాయికి నేర్పింది మేమే. శేఖర్ చేయి కడుక్కుని వాకిట్లోకి వెళ్లి వాళ్ల నాన్నకు ఫోన్ చేశాడు. చాలాసేపు మాట్లాడాడు, ఎక్కువగా విన్నాడు. తిరిగొచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"మా నాయిన గూడ గదే అంటుండు. నేను అమ్మ కొంగు పట్టుకొని నడిసిన ఏడు మా ఊరికి కరువట. ఆ జాతర అయినంక మా నాయిన బొంబాయికి కూలికి పోయిండట. నాకు డప్పులే యాదికున్నయి, కరువు యాదికి లేదు."

రేణుక కంచం పక్కకు జరిపింది.

"అంటే మీ అమ్మ కుండల బియ్యం మా ఊరియి సార్," అంది రేణుక.

"అవునమ్మా. మీయే."

పెద్దామె శేఖర్‌ను మళ్లీ కూర్చోబెట్టి ఇంత పెరుగన్నం వేసింది. చేయి కడుక్కున్నాను అమ్మా అన్నాడు. మళ్లీ కడుక్కో అంది. తిన్నాడు. అదేమిటో నాకు కళ్లు మండాయి. పత్తి దూది పడి ఉంటుంది.

తీర్పు

మర్నాడు పొద్దున కరెంటు ఉన్నప్పుడే ముగ్గురం మళ్లీ కూర్చున్నాం. శేఖర్ "పై ఊరిది" అన్న తన వాక్యం తనే తీసేశాడు. ఎండిన ఊరు, పండిన ఊరు అన్న సంగతి వ్యాసంలో రాద్దామా అని రేణుక నన్ను అడిగింది. ఇద్దరూ నా వైపు చూశారు. అంతకంటే నిజమైన వాక్యం ఆ వ్యాసంలో ఎప్పుడూ లేదు. దానికి మూలం వంటింట్లో పొయ్యి ఊదుతోంది. నేను నిర్వాహకుణ్ణి. ఒకరి అమ్మకు ఒప్పుకుంటే రేపు ఊరందరి అమ్మలూ వస్తారు. కుదరదన్నాను. ఇద్దరూ వెంటనే అవును, కుదరదు అన్నారు. ఈ మనుషులు నాకు ఎప్పటికీ అర్థం కారు.

అయితే చర్చాపేజీకి మూలాలు అక్కర్లేదు. అక్కడ వాళ్ల పాత పార్టీల పద్ధతే పెట్టుకున్నారు. పై ఊరు కరువులో బోనమెత్తిన ఏడు గురించి రేణుక రాసింది. కింది ఊరి సంగతి శేఖర్ రాశాడు, పెద్దామెను అడిగి అడిగి, ఆమె కండెలు చుడుతూ చెబుతుంటే. ఎవరి ఊరిని వాళ్లు ముట్టుకోలేదు. వ్యాసం చదివేవాళ్లు చర్చాపేజీ తెరవరు. కాబట్టి ఆ గుట్ట గురించిన నిజం అక్కడ భద్రంగా ఉంది. ఇద్దరూ ఉన్నారు. నిన్న ఇంకో ఊరి చెరువు గురించి కొట్టుకుంటున్నారు.

నేను బస్సెక్కేలోపు శేఖర్‌కు పెయింటరు ఫోన్ చేశాడు. కొత్త కాయితం తయారైందా అని.

వ్యాసంలో ఇప్పుడు మూడు వాక్యాలున్నాయి. గుట్టపై ఎల్లమ్మ గుడి కలదు. ఇదియు చూడదగినది. మూడోది నేను చేర్చాను. దానికి ఏ మూలమూ లేదు, ఇద్దరిలో ఎవరూ ఇప్పటిదాకా అడగలేదు: గద్వాల నుంచి గుట్టకు షేర్ ఆటోలు ఉన్నాయి, సాయంత్రం ఆరు దాటితే ఉండవు.